బాస్ బాక్సుకు టేకు తలుపులు కోయించాలా?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. తాతగారి కాలం నాటి పెంకుటింటిని విప్పినప్పుడు వచ్చిన టేకు తలుపులు, దర్వాజలు, కొన్ని వాసాలు మా కొట్టంలో ఉన్నాయి. నా దగ్గర 12 అంగుళాల వూఫర్ (బాస్ పలికే స్పీకరు) ఒకటి, దానికి సరిపోయే ఆంప్లిఫయర్ ఉన్నాయి. హాలులో పాటలు వినడానికి అన్ని వైపులా మూసి ఉండే బాస్ బాక్సు ఒకటి సొంతంగా చేయించుకోవాలనుకుంటున్నాను. టేకును మించిన చెక్క లేదు, దానితోనే చేద్దామని మా వడ్రంగి అంటున్నాడు. ప్లైవుడ్ దుకాణం ఆయన మెరైన్ ప్లై తప్ప మరేదీ పనికిరాదంటున్నాడు. హైదరాబాదులో ఉన్న మిత్రుడు చెక్క నారను నొక్కి చేసే ఎండీఎఫ్ పలక ఒక్కటే సరైనదని చెబుతున్నాడు. వినాయక చవితికి ఆ బాక్సును మండపం దగ్గరకు తీసుకెళ్ళాలని మా తమ్ముడి కోరిక. ఎవరి మాట వినమంటారు?

సమాధానం: మీకు సలహా ఇచ్చిన ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. మీ వడ్రంగి తలుపులూ మంచాలూ చేసే మనిషి కనుక ఆయనకు చెక్క అంటే టేకే. దుకాణం ఆయన రోజూ వంటింటి అలమరలకు సరుకు అమ్ముతారు కనుక నీళ్ళు తగిలినా చెడని పలకనే మంచి పలక అంటారు. మీ మిత్రుడు బహుశా ఏసీ గదిలో, ఒక మూల పెట్టి మళ్ళీ కదపని బాక్సును చూసి ఉంటారు. మీ అవసరం ఈ మూడింటికీ కాస్త పక్కగా ఉంది. అందువల్ల నా నిర్ణయం ముందే చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. బాక్సు గోడలకు 18 మిల్లీమీటర్ల బీడబ్ల్యూఆర్ (మరిగే నీటికి ఓర్చుకునే) రకం ప్లైవుడ్ కొనండి. టేకును లోపలి బిగింపు బద్దలకూ, కాళ్ళకూ, అంచులకూ వాడండి. తలుపులను మాత్రం కోయించకండి.

చెక్క పేరు ఎత్తగానే మనకు వాద్యాలు గుర్తుకు రావడం సహజం. బొబ్బిలి వీణను పనస దుంగ నుంచి తొలుస్తారు. ఆ చెక్క తీగతోపాటు కంపించి నాదానికి నిండుతనం ఇస్తుంది కాబట్టే పనసకు అంత పేరు. స్పీకరు బాక్సు పని దీనికి పూర్తిగా ఎదురు. పాట వూఫర్ కోను (ముందుకూ వెనక్కూ కదిలే గరాటు లాంటి భాగం) నుంచి మాత్రమే రావాలి, బాక్సు తన వంతుగా ఏమీ కలపకూడదు. కోను ముందుకు నెట్టిన గాలీ వెనక్కు నెట్టిన గాలీ ఒకదానితో ఒకటి కలిస్తే బాస్ అంతా అక్కడికక్కడే కొట్టుకుపోతుంది. ఆ రెండింటినీ విడదీయడానికే బాక్సు. కనుక చెక్కలో మనం వెతకవలసినవి బిగువు, గాలి చొరబడని అతుకు, ఏ రుతువులోనైనా మారని కొలత. నునుపూ, చారల అందమూ, పాతబడే కొద్దీ వచ్చే రంగూ బాక్సు లోపలి గాలికి పట్టవు.

ఆ గాలి గోడల మీద ఎంత బలం చూపుతుందో ఒకసారి లెక్క వేస్తే బిగువు ఎందుకు కావాలో మీకే తెలుస్తుంది. 12 అంగుళాల వూఫర్ కోను వైశాల్యం దాదాపు 500 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. గట్టిగా మోగేటప్పుడు అది ఒక వైపుకు 8 మిల్లీమీటర్లు కదిలిందనుకుంటే, సుమారు 0.4 లీటరు గాలిని నొక్కుతుంది. బాక్సు లోపల 42 లీటర్ల చోటు ఉంటే, ఆ నొక్కుడు వల్ల లోపలి ఒత్తిడి 1.3 శాతం మేర పెరుగుతుంది. వినడానికి ఇది చిన్న సంఖ్యే. కానీ 36 సెంటీమీటర్ల చదరపు పలక మీద అదే ఒత్తిడి దాదాపు 18 కిలోల బరువు మోపినంత బలంతో పనిచేస్తుంది. 40 హెర్ట్జ్ స్వరం మోగుతున్నంతసేపూ ఆ బలం ప్రతి గోడనూ సెకనుకు 40 సార్లు బయటికి తోసి, 40 సార్లు లోపలికి లాగుతుంది. పలుచని పలకతో, నాలుగు మేకులతో కొట్టిన పెట్టె ఆ దెబ్బకు ఎందుకు డొల్లగా, బొంగురుగా మోగుతుందో ఇక వేరే చెప్పనక్కరలేదు.

పలక బిగువు దాని మందం ఘనాన్ని (మందాన్ని మందంతో రెండుసార్లు గుణించిన విలువను) బట్టి పెరుగుతుంది. అంటే 18 మిల్లీమీటర్ల పలక స్థానంలో అదే రకం 25 మిల్లీమీటర్ల పలక వేస్తే బిగువు రెండున్నర రెట్లకు పైగా అవుతుంది. అలాగని మందం పెంచుకుంటూ పోవడం తెలివైన పని అనిపించుకోదు, ఎందుకంటే బయటి కొలత మారనప్పుడు లోపలి చోటు తరుగుతుంది. అన్ని వైపులా 40 సెంటీమీటర్లున్న బాక్సుకు 18 మిల్లీమీటర్ల గోడలైతే లోపల 48 లీటర్లు మిగులుతాయి. 25 మిల్లీమీటర్లైతే 43కు కాస్త తక్కువే. పలక మధ్యలో ఒక అడ్డబద్ద వేయడం దీనికంటె చౌకైన మార్గం. పలకను ఒక పట్టీలా ఊహించుకుంటే, దాని నడుమ ఊత ఇచ్చి పొడవును సగం చేసినప్పుడు అది సహజంగా కంపించే పౌనఃపున్యం నాలుగు రెట్లవుతుంది. మీ బాక్సు 100 హెర్ట్జ్ లోపు స్వరాలకు మాత్రమే పనిచేస్తుంది. ఈ పరిమాణంలో 18 మిల్లీమీటర్ల గోడల సహజ కంపనం కొన్ని వందల హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఒక్క అడ్డబద్దతో అది మరింత పైకి పోయి, వూఫర్ దాన్ని తట్టి లేపే అవకాశం ఇంకా తగ్గిపోతుంది. అందుకే నా అభిప్రాయం ఒకటి మొహమాటం లేకుండా చెబుతాను: మీరు చేయించబోయే చిన్న బాక్సులో మంచి ప్లైకీ మంచి ఎండీఎఫ్‌కూ మధ్య చెవికి తెలిసే తేడా దాదాపు ఉండదు. తేడా తెలిసేది వదులు అతుకు దగ్గర, గాలి కారే చోట, ప్లై పొరల మధ్య ఉన్న బోలు దగ్గర.

పలుచని గోడలతోనూ గొప్ప స్పీకర్లు వచ్చాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. 1970ల్లో బీబీసీ ఇంజనీర్లు రూపొందించిన ఎల్ఎస్ 3/5ఏ అనే చిన్న స్పీకరుకు 12 మిల్లీమీటర్ల బర్చ్ ప్లై వాడి, లోపలి వైపు తారు పట్టించిన ఫెల్టు అంటించారు. కానీ అది మనిషి గొంతు కచ్చితంగా వినిపించడానికి చేసిన స్పీకరు. గోడల కంపనాన్ని తక్కువ పౌనఃపున్యానికి దించి, అక్కడ ఫెల్టుతో అణచివేయడం దాని పద్ధతి. బాస్ ఒక్కటే పలికే బాక్సులో కంపనాన్ని కిందికి దించితే అది సరిగ్గా మన పాట ఉన్న చోటికే వచ్చి కూర్చుంటుంది. కాబట్టి మనకు పైకి తోసే పద్ధతే తగినది.

ఇక టేకు సంగతి. బలంలో, మన్నికలో, చెదకు లొంగకపోవడంలో చేవ ఉన్న పాత టేకుకు సాటి వచ్చేవి తక్కువ, అందులో మీ వడ్రంగితో నాకు వాదం లేదు. చిక్కంతా ఏమిటంటే ఏ ముక్క చెక్కయినా గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండకు వదిలి ముడుచుకుంటుంది. అదీ నార పొడవునా కాదు, నారకు అడ్డంగా. మిగతా చెక్కలతో పోలిస్తే టేకు తక్కువే కదులుతుంది గాని, కదలకుండా ఉండదు. మే నెలలో మీ ప్రాంతంలో వీచే వడగాలికీ ఆగస్టు ముసురుకూ మధ్య 40 సెంటీమీటర్ల వెడల్పు పలక రెండు మూడు మిల్లీమీటర్లు హెచ్చుతగ్గులు కావడం వింతేమీ కాదు. తలుపు చేసేవాళ్ళు ఈ సంగతి ఎరుగుదురు కనుకనే పలకను చట్రంలోని గాడిలో జిగురు పెట్టకుండా వదులుగా కూర్చోబెడతారు. స్పీకరు బాక్సులో ఆ వెసులుబాటు లేదు. నాలుగు అంచులా జిగురుతో బిగించేసిన పలక కదలడానికి చోటు దొరకక, అతుకు దగ్గరైనా విడిపోతుంది, నడుమనైనా చీలుతుంది.

ఈ మాట నేను అనుభవం మీదనే చెబుతున్నాను. నేను మొదట చేయించిన బాస్ బాక్సు టేకుదే. మూడు పలకలను పక్కపక్కన జోడించి, చిత్రిక పట్టి, వార్నిష్ వేసి, చూసిన వాళ్ళంతా ముచ్చటపడేలా తయారుచేశాం. సంక్రాంతి నుంచి మార్చి దాకా చక్కగా మోగింది. ఏప్రిల్ చివర ఒక రాత్రి తక్కువ ధ్వనిలో పాట పెట్టుకొని కూర్చుంటే, మృదంగం గుమికి పడినప్పుడల్లా వెనకనుంచి సన్నగా ఈల వేసినట్టు ఒక చప్పుడు మొదలైంది. వూఫర్ పాడైందని విప్పి చూశాను, వైర్లు మార్చాను, ఆంప్లిఫయర్‌ను అనుమానించాను. చివరకు బాక్సును తిప్పి, టార్చి వెలుగు లోపల వేసి చూస్తే వెనక పలకలో జానెడు పొడవున సన్నని గీతలా వెలుగు కనిపించింది. గోరు దూరని ఆ సందులోంచే గాలి వచ్చీ పోతూ ఈల వేస్తోంది. మైనం పూస్తే ఆగింది, జూలైలో తనంత తానే మూసుకుపోయింది, మరుసటి వేసవిలో మళ్ళీ తెరుచుకుంది.

మీ మిత్రుడు చెప్పిన ఎండీఎఫ్‌లో ఈ బాధ లేదు. చెక్క నారను జిగురుతో కలిపి వేడిమీద నొక్కిన పలక కనుక దానికి నార దిశ అంటూ ఉండదు, లోపల బోలు ఉండదు, వూఫర్ కోసం గుండ్రంగా కోసినప్పుడు అంచు వెన్నలా తెగుతుంది. బిగువులో మంచి ప్లైలో దాదాపు సగమే అయినా, కంపనాన్ని తనలో ఇముడ్చుకునే గుణం దానికి ఎక్కువ. బాక్సును ఒక చోట పెట్టి మళ్ళీ ముట్టుకోని ఇంట్లో నేనైనా ఎండీఎఫ్‌కే ఓటు వేస్తాను. మీ విషయంలో నన్ను వెనక్కు లాగినవి రెండు. మొదటిది, మన ఇళ్ళలో రోజూ తడిగుడ్డతో నేల తుడుస్తారు. బాక్సు కింది అంచుకు ఆ తడి తగులుతూ ఉంటే ఏడాది తిరగకుండా ఎండీఎఫ్ అంచు నానిన అటుకులా ఉబ్బిపోతుంది, ఒకసారి ఉబ్బితే మళ్ళీ తగ్గదు. రెండవది మీ తమ్ముడి వినాయక చవితి. ట్రాలీ ఆటో ఎక్కించి దింపే బాక్సుకు మూలలు తగులుతాయి, భాద్రపద మాసపు జల్లు పడుతుంది, వూఫర్ స్క్రూలను విప్పి బిగిస్తూ ఉంటారు. ఎండీఎఫ్ మూల రాలిపోతుంది, పలక అంచులో దింపిన స్క్రూ దాన్ని రెండుగా చీలుస్తుంది. ఊళ్ళలో సౌండ్ సర్వీసు నడిపేవాళ్ళ పెట్టెలను గమనించండి, అవి ప్లైవుడ్‌వే అయి ఉంటాయి. ఎండీఎఫ్ లాగే ఉండి తేమకు కొంత ఎక్కువ ఓర్చుకునే హెచ్‌డీహెచ్ఎంఆర్ అనే దట్టమైన పలక కూడా ఇప్పుడు దొరుకుతోంది; ఇంట్లోనే ఉండే బాక్సుకు అది బాగుంటుంది గాని, ఎత్తి దింపడానికి మరీ బరువు.

మిగిలిన వాటి మీద ఎక్కువ మాటలు ఖర్చుచేయను. పార్టికల్ బోర్డులో స్క్రూ నిలవదు. బ్లాక్ బోర్డు లోపల పేర్చిన బద్దల మధ్య ఖాళీలు ఉంటాయి, అవి గరగరమంటాయి. డబ్ల్యూపీసీ (చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసినవి), పీవీసీ ఫోమ్ పలకలు నీటికి చెడవన్న మాట నిజమే అయినా, తేలికగా, వంగే స్వభావంతో ఉంటాయి కాబట్టి బాస్‌కు తగవు. మామిడి, వేప పలకలు సరిగా ఆరకుండానే కోతమిల్లు నుంచి వస్తాయి, వాటి వంకరలు సరిచేయడం ఎవరి తరమూ కాదు.

ప్లైవుడ్ దుకాణంలో మాత్రం కొంత సమయం గడపవలసిందే. మెరైన్ ప్లై అన్నది ఐఎస్ 710 ప్రమాణం కింద తయారయ్యే రకం. దాని జిగురును మరిగే నీళ్ళలో 72 గంటలు ఉంచి పరీక్షిస్తారు. హాలులో ఉండే స్పీకరుకు అంత అవసరం లేదు. ఐఎస్ 303 కింద వచ్చే బీడబ్ల్యూఆర్ రకం మీకు చాలు. అదే ప్రమాణంలో ఉండే ఎంఆర్ (తేమకు మాత్రమే ఓర్చుకునే) రకం ఇంట్లో మాత్రమే ఉండే బాక్సుకు సరిపోతుంది గాని, చవితి జల్లుకు అది ఓర్వదు. ఐఎస్ఐ గుర్తూ ప్రమాణం సంఖ్యా పలక మీద అచ్చు వేసి ఉన్నాయో లేదో చూడండి. ఆ ముద్రను చూసి ఊరుకోకుండా పలక నాలుగు అంచులనూ వెలుగులో పెట్టి పరిశీలించండి. పొరలు సమానమైన మందంతో, ఒకదాన్నొకటి ఆనుకొని ఉండాలి. పొర మధ్యలో నల్లటి చీలికలాంటి ఖాళీ గాని, ఒక పొర మీదికి మరో పొర ఎక్కి గుబ్బ కట్టడం గాని కనిపిస్తే దాన్ని పక్కన పెట్టించండి. ఆ తరువాత పలకను గోడకు ఆనించి, రూపాయి నాణెంతో జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ పోండి. పుచ్చకాయ కొనేటప్పుడు మనం చేసే పనే ఇది. మోత ఒకేలా ఉన్నంత దూరం పలక మంచిది. ఎక్కడైనా హఠాత్తుగా డొల్లగా పలికితే అక్కడ పొరల మధ్య బోలు ఉందని అర్థం. వూఫర్ మోగేటప్పుడు ఆ బోలులో విడిపోయిన పొర కందిరీగలా జుమ్మంటుంది, బాక్సు అతికించాక దానికి మందు లేదు.

బరువు కూడా ఒక ఆనవాలే. ఒకే మందంలో ఉన్న రెండు పలకలను ఒక అంచున లేపి చూడండి. హర్యానాలోని యమునానగర్ చుట్టుపక్కల పెరిగే పాప్లార్ చెక్క పొరలతో చేసిన ప్లై తేలికగా ఉంటుంది. జామాయిల్ వంటి గట్టి చెక్క పొరలున్నది బరువుగా ఉంటుంది. మీకు రెండవది కావాలి. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న 18 మిల్లీమీటర్ల మంచి ప్లై 32 కిలోల చుట్టుపక్కల తూగుతుంది. అదే కొలత ఎండీఎఫ్ 40 కిలోలుంటుంది. పూర్తి షీటు మీకు అక్కరలేదు. 40 సెంటీమీటర్ల బాక్సుకు కావలసిన ముక్కలన్నీ, ముందు పలకకు రెండవ పొరతో సహా, 4 అడుగుల చదరపు సగం షీటులో వస్తాయి. సగం కోసి ఇచ్చే దుకాణాన్ని వెతకండి, అక్కడే యంత్రం మీద ముక్కలు కోయించుకోండి. చేతి రంపంతో కోసిన అంచు ఎంత నేర్పరి కోసినా అతుకులో సందు మిగులుస్తుంది.

ముందు పలకను రెండు పొరలుగా అతికించి 36 మిల్లీమీటర్లు చేయించండి, ఎందుకంటే వూఫర్ బరువంతా మోసేది అదే, పైగా పెద్ద రంధ్రం పడి బలహీనమయ్యేదీ అదే. రంధ్రం కొలతను నా మాట మీద గాని, వూఫర్ మీద రాసిన 12 అంగుళాలను చూసి గాని తీసుకోకుండా, మీ వూఫర్‌నే బోర్లించి కొలవండి. రెండవ పొర, వూఫర్ వెనక భాగం, అడ్డబద్దలు కలిసి ఆరేడు లీటర్లు తింటాయి. అవి పోను మిగిలేవే నేను పైన లెక్కలో వాడిన 42 లీటర్లు. చాలా 12 అంగుళాల వూఫర్లకు మూసిన బాక్సుగా ఇది సరిపోతుంది గాని, మీ వూఫర్‌తో వచ్చిన కాగితంలో వేరే కొలత ఇచ్చి ఉంటే దానినే పాటించండి. అన్ని వైపులా ఒకే కొలత పెట్టకూడదని కొందరు హెచ్చరిస్తారు. గాలి అలలు గోడల మధ్య నిలిచిపోయే పౌనఃపున్యం ఈ కొలతకు 470 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 100 దాటని బాస్ బాక్సుకు ఆ భయం అక్కరలేదు.

మీ టేకు పనికివచ్చేది ఇక్కడే. వాసాల నుంచి అంగుళం మందం, అంగుళంన్నర వెడల్పు గల బద్దలు తీయించండి. బద్ద తన పొడవునా దాదాపు ముడుచుకోదు కనుక పలకగా పనికిరాని టేకు బద్దగా అద్భుతంగా పనికొస్తుంది. నాలుగు బద్దలను కిటికీ చట్రంలా జోడించి బాక్సు లోపల, నాలుగు గోడలనూ తాకేలా, వూఫర్ అయస్కాంతానికి తగలకుండా బిగించండి. సరిగ్గా నడిమధ్యన కాకుండా రెండు మూడు వేళ్ళు పక్కకు జరిపితే రెండు వైపుల పలక భాగాలు ఒకే స్వరానికి స్పందించవు. ప్రతి మూలలోనూ ఒక బద్దను జిగురుతో అతికిస్తే అతుకుకు దన్నుగా ఉంటుంది. పాత వాసాల్లో విరిగిన మేకులు దాగి ఉంటాయి, రంపం పళ్ళు పోకుండా ముందుగా అయస్కాంతంతో తడిమి చూడమనండి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి జిగురు పట్టించబోయే ముఖాన్ని గీసి, థిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, అది ఆరగానే ఫెవికాల్ పూయాలి. ఈ ఒక్క మెట్టును మీ వడ్రంగి దాటవేసే ప్రమాదం ఉంది, దగ్గర నిలబడి చేయించండి.

అతుకులకు మేకులు కాకుండా స్క్రూలు వాడండి, ప్రతి స్క్రూకూ ముందు సన్నని రంధ్రం వేయండి. స్క్రూ పని జిగురు ఆరేదాకా పలకలను పట్టి ఉంచడమే, బాక్సును కలకాలం నిలిపేది జిగురు. అది ఒక రాత్రంతా ఆరాక, సన్నని రంపపు పొట్టును ఫెవికాల్‌లో కలిపి లోపలి మూలలన్నిటికీ వేలితో పట్టించండి. వూఫర్ చుట్టూ ఫోమ్ టేపు వేయండి. తరచూ విప్పేదైతే చెక్క స్క్రూలు కాకుండా లోపల టీ-నట్లు (చెక్కలోకి దిగి నిలిచే లోహపు నట్లు) దింపి బోల్టులతో బిగిస్తే రంధ్రాలు వదులు కావు. తరువాత కోనును రెండు చేతుల వేళ్ళతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. అది బరువుగా, నింపాదిగా వెనక్కు వస్తే గాలి కారడం లేదని అర్థం. చటుక్కున వచ్చేస్తే ఎక్కడో సందు ఉంది. 30 హెర్ట్జ్ స్వరం తక్కువ ధ్వనిలో పెట్టి, ఫ్యాను ఆపి, వెలిగించిన అగరుబత్తిని అతుకుల వెంబడి నడిపితే పొగ వణికిన చోట ఆ సందు దొరుకుతుంది.

పై సింగారం మీ ఇష్టం. సన్‌మైకా అంటించినా, టేకు వెనీర్ వేసి వార్నిష్ పూసినా స్వరం మారదు. ప్లై అంచులు కనిపించకుండా టేకు బీడింగు వేస్తే మీ వడ్రంగి మనసు కూడా కుదుటపడుతుంది. కింద అంగుళంన్నర ఎత్తు టేకు కాళ్ళు నాలుగు, వాటి అడుగున రబ్బరు బిళ్ళలు పెట్టించండి. తడిగుడ్డ తగలదు, గచ్చు మీద బాక్సు జరగదు. ఇక తమ్ముడి కోరిక విషయంలో ఒక మాట: ఈ మూసిన బాక్సు మీ హాలును నింపుతుంది గాని, నాలుగు దారుల కూడలిలో వేసిన మండపాన్ని నింపలేదు. అక్కడ ధ్వని పెంచుకుంటూ పోతే మొదట కాలిపోయేది మీ వూఫర్ కాయిల్. తీసుకువెళ్ళనివ్వండి, కానీ పూజ వేళ పాటలకు పరిమితం చేయండి. నిమజ్జనం ఊరేగింపుకు సౌండ్ సర్వీసు వాళ్ళనే పిలవండి.

రంగు గాని సన్‌మైకా గాని వేయడానికి ముందు బాక్సును ఒక నెల రోజులు పచ్చిగానే వాడండి. అప్పటికి వూఫర్ బోల్టులు కొద్దిగా వదులవుతాయి, వాటిని ఎదురెదురుగా ఉన్న జతల వరుసలో మరొకసారి బిగించి, అగరుబత్తి పరీక్ష మళ్ళీ చేసి, ఆ తరువాతే వడ్రంగిని సింగారానికి పిలవండి.